సెమీకండక్టర్ సూక్ష్మకణాల తయారీ, ఆకార నియంత్రణ: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎమ్మెస్సీ, బీటెక్ చదివే విద్యార్థులు ప్రాజెక్టు పని మొదలుపెట్టేటప్పుడూ, అది మధ్యలో చెడిపోయినప్పుడూ నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. ఖరీదైన యంత్రాలు లేకుండా ఒక హాట్ ప్లేటు, ఒక త్రాసు, కాస్త ఓపిక ఉన్న కళాశాల ప్రయోగశాలను దృష్టిలో పెట్టుకొని జవాబులు రాశాను.

సెమీకండక్టర్ సూక్ష్మకణం అంటే ఏమిటి? నానోకణానికీ దీనికీ తేడా ఏమిటి?

మైక్రోమీటరులో కొన్ని పదోవంతుల నుంచి కొన్ని పదుల మైక్రోమీటర్ల వరకూ పరిమాణం ఉన్న సెమీకండక్టర్ పొడి రేణువును సూక్ష్మకణం అంటున్నాం. జింక్ ఆక్సైడ్, టైటానియం డై ఆక్సైడ్, క్యూప్రస్ ఆక్సైడ్, కాడ్మియం సల్ఫైడ్, బిస్మత్ వెనడేట్ ఈ పనిలో ఎక్కువగా ఎదురయ్యే పదార్థాలు.

కొన్ని నానోమీటర్ల స్థాయికి దిగితే కణం పరిమాణాన్ని బట్టి దాని శక్తి అంతరమే, అంటే ఎలక్ట్రాన్ బంధం నుంచి విడిపడి కదలడానికి కావలసిన కనీస శక్తే, మారిపోతుంది. సూక్ష్మకణంలో ఆ మార్పు ఉండదు. జింక్ ఆక్సైడ్ కణం ఒక మైక్రోమీటరు ఉన్నా పది మైక్రోమీటర్లు ఉన్నా దాని శక్తి అంతరం సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులే. అందుచేత సూక్ష్మకణాలతో పనిచేసేవారి చేతిలో మిగిలే ప్రధానమైన పగ్గం ఆకారం, అంటే కణం బయటి ప్రపంచానికి ఏ స్ఫటిక ముఖాన్ని చూపిస్తుందన్న విషయం.

ఇలాంటి కణాన్ని నేను ఎప్పుడైనా చూశానా?

తప్పకుండా చూసే ఉంటారు. మూత్రంలో చక్కెరను పరీక్షించడానికి బెనెడిక్ట్ ద్రావణంతో కాచినప్పుడు పరీక్షనాళిక అడుగున చేరే ఇటుక రంగు అవక్షేపం క్యూప్రస్ ఆక్సైడ్. అది సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి అంతరం ఉన్న సెమీకండక్టర్. జెర్మేనియం, సిలికాన్ రంగంలోకి రాకముందు, 1920ల్లోనే, దానితో విద్యుత్తును ఒకే దిశలో పంపే రెక్టిఫయర్లు చేశారు. ఇంటర్ ప్రయోగశాలలో మనం కడిగి పారబోసిన ఆ ముద్దలో ప్రతి రేణువుకూ ఒక ఆకారం ఉంది. ఎవరూ చూడలేదు, అంతే.

మన గోడల మీది తెల్ల రంగు కూడా ఇలాంటిదే. అందులోని టైటానియం డై ఆక్సైడ్ రేణువులను సుమారు పావు మైక్రోమీటరు పరిమాణంలో తయారుచేస్తారు, ఎందుకంటే కంటికి కనిపించే కాంతిని ఆ పరిమాణం బాగా చెదరగొడుతుంది.

ఈ కణాలతో కంప్యూటర్ చిప్పులు చేయవచ్చా?

చేయలేరు. చిప్పుకు కావలసింది లోపాలు దాదాపు లేని సిలికాన్ ఏకస్ఫటికం నుంచి కోసిన పలక. మన పొడులకు వేరే ఉపయోగాలున్నాయి: వెలుగు పడినప్పుడు రసాయన చర్యను వేగపరిచే కాంతి ఉత్ప్రేరకాలు, వాయువులను పసిగట్టే సెన్సర్లు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడే పూతలు, పిడుగుపాటు నుంచి విద్యుత్ ఉపకేంద్రాలను కాపాడే వేరిస్టర్లు. వేరిస్టర్‌లో ఉండేది బిస్మత్ ఆక్సైడ్ వంటివి కలిపి కాల్చిన జింక్ ఆక్సైడ్ రేణువుల దిమ్మ.

కణం ఆకారాన్ని అసలు నిర్ణయించేది ఏది?

మిగిలిన జవాబులన్నీ దీని మీదే ఆధారపడతాయి కనుక ఇక్కడ కొంచెం ఆగుదాం.

నౌపడ ఉప్పు మడుల నుంచి వచ్చిన రాళ్లుప్పు పలుకును భూతద్దం కింద పెట్టి చూడండి. అంచులు విరిగి, మసకబారి ఉన్నా అది ఘనమేనని తెలుస్తుంది. ఉప్పును ఘనంగా చెక్కినవారెవరూ లేరు. పెరుగుతున్న స్ఫటికానికి ఒక్కో ముఖం ఒక్కో వేగంతో ముందుకు జరుగుతుంది. వేగంగా జరిగే ముఖమే చివరికి పెద్దదవుతుందని మనకు తోస్తుంది గానీ జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. వరికుప్ప వేసేటప్పుడు పైకి పోయేకొద్దీ వెడల్పు తగ్గి, చివరకు పైభాగమంతా ఒక కొసగా ముగిసిపోయినట్టే, వేగంగా పెరిగే ముఖం తనకు తానే ఇరుకై మాయమవుతుంది. మెల్లగా పెరిగే ముఖాలు వెడల్పై స్ఫటికాన్ని కప్పేస్తాయి. మామూలు నీటిలో ఉప్పుకు అన్నింటికంటే మెల్లగా పెరిగేవి ఘనపు ముఖాలు. ముఖం ఏ దిశకు తిరిగి ఉందో తెలిపే మూడంకెల గుర్తుతో వాటిని 100 (ఒకటి, సున్నా, సున్నా) ముఖాలంటారు.

ఇప్పుడు ఆ ఉప్పునీటిలో తగినంత యూరియా కలపండి. ఘనాల మూలలు తెగినట్టయి, త్రిభుజాకారపు ముఖాలు బయటపడి, కణాలు అష్టముఖుల వైపు మళ్లుతాయి. ఫ్రాన్సుకు చెందిన రోమె ద లీల్ 1783లోనే, మూత్రం కలిసిన ఉప్పునీటిలో అష్టముఖి స్ఫటికాలు వస్తాయని రాశాడు. యూరియా ఉప్పుతో రసాయన చర్య జరపదు. 111 అనే ఆ త్రిభుజపు ముఖాల మీద అతుక్కొని వాటి పెరుగుదలను ఆపుతుంది. మెల్లబడిన ముఖమే మిగులుతుంది కనుక ఆకారం మారుతుంది. మన పొలాల్లో చల్లే సంచిలోని యూరియా, ప్రయోగశాలలో పీవీపీ అని పిలిచే ఖరీదైన పాలిమర్ చేసే పనినే ఇక్కడ చేస్తోంది.

ఇది పెరుగుదల వేగాల లెక్క. దీనికి తోడు శక్తి లెక్క ఒకటుంది. స్ఫటికానికి తగినంత సమయం ఇస్తే, మొత్తం ఉపరితల శక్తి అతి తక్కువగా ఉండే ఆకారానికి అది చేరాలని చూస్తుంది. ఆ ఆకారాన్ని గీసే పద్ధతిని 1901లో రష్యా స్ఫటికశాస్త్రజ్ఞుడు వుల్ఫ్ చెప్పాడు. కానీ మన బీకరులో తయారయ్యే కణాలు చాలావరకు ఆ ఆకారానికి చేరే తీరిక లేకుండానే ఆగిపోతాయి. కాబట్టి పాఠ్యపుస్తకంలోని సమతాస్థితి ఆకారం రాలేదని బాధపడనక్కరలేదు.

అతిసంతృప్తత పెరిగితే ఆకారం ఎందుకు చెడుతుంది?

ద్రావణంలో మామూలుగా కరిగి ఉండగలిగినదానికంటే ఎక్కువ పదార్థం ఉండటమే అతిసంతృప్తత. పదార్థం కణం దగ్గరకు మెల్లగా చేరుతున్నంతసేపూ ముఖం మీద పొరపొరగా పేర్చుకోవడానికి వీలుంటుంది, చదునైన ముఖాలు వస్తాయి. ద్రావణం మరీ చిక్కబడితే మూలలకూ అంచులకూ సరుకు ముందుగా అందుతుంది. అప్పుడు మూలలు ముందుకు పరుగెత్తి, ముఖాల మధ్యభాగం గుంటలా వెనుకబడుతుంది. ఇంకా చిక్కబడితే కొమ్మలు, రెబ్బలు వస్తాయి. మండుటెండలో ఉప్పునీటి పైన తేలే బోలు పిరమిడ్ల వంటి పలుకులు ఇలా పుట్టినవే.

వ్యాసాల్లో ‘పువ్వు ఆకారపు’ కణాలు విరివిగా కనిపించడానికి ఇదొక కారణం. ఆ పువ్వుల్లో కొన్ని నిజంగా ఒకే కేంద్రం నుంచి రేకులుగా పెరిగినవైతే, చాలావాటిని ఆరబెట్టేటప్పుడు ఒకదానిమీద ఒకటి పడి అతుక్కున్న పలకలుగానే నేను భావిస్తాను. అల్ట్రాసౌండ్ తొట్టెలో పది నిమిషాలు పెట్టి మళ్లీ చూస్తే రేకులు విడిపోయే పువ్వు పువ్వు కాదు.

కణాలన్నీ ఒకే పరిమాణంలో రావాలంటే ఏం చేయాలి?

బీజాలు, అంటే కణాలు పెరగడానికి మొదలయ్యే తొలి తునకలు, పుట్టే ఘట్టాన్నీ, అవి పెరిగే ఘట్టాన్నీ వేరు చేయాలి. గంధకపు కణాల మీద పనిచేస్తూ లామర్, డైనగర్ 1950లో ఇచ్చిన వివరణ ఇప్పటికీ మొదటి పాఠం. ద్రావణంలో గాఢత ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా బీజాలు పుట్టాలి. వాటి పుట్టుకతోనే గాఢత హద్దు కిందికి పడిపోవాలి. ఆ తరువాత కొత్త బీజాలు పుట్టకుండా, ఉన్నవి మాత్రమే పెరగాలి. అన్నీ ఒకే సమయంలో పుట్టినందున అన్నీ ఒకే వయసుతో, దాదాపు ఒకే పరిమాణంతో ఉంటాయి.

ఆమదాలవలసలోనో భీమసింగిలోనో పంచదార మిల్లులో ప్యాన్ దగ్గర పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. చిక్కబడిన రసంలో సన్నటి పంచదార బీజాన్ని వేసి, అక్కడి నుంచి రసం మరీ చిక్కబడకుండా, మరీ పలచబడకుండా నడిపిస్తారు. చేయి తప్పితే మధ్యలో కొత్తగా సన్న పలుకు పుడుతుంది. దాన్ని వారు ఫాల్స్ గ్రెయిన్ అంటారు. మన బీకరులో పెద్ద కణాల మధ్య సన్నపొడి కనిపిస్తే జరిగింది అదే. రసాయనాన్ని ఒక్కసారిగా కుమ్మరించారనో, మధ్యలో మరికొంత చేర్చారనో అర్థం చేసుకోవాలి.

ఎక్కువసేపు ఉంచితే అన్నీ సమానమవుతాయని కొందరు అనుకుంటారు. చిన్న కణం పెద్ద కణంకంటే తేలిగ్గా కరుగుతుంది కనుక, కాలం గడిచేకొద్దీ పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు పెద్దవి చిన్నవాటిని తిని పెరుగుతాయి. దీనికి 1909లో నోబెల్ బహుమతి పొందిన ఆస్ట్వాల్డ్ పేరు పెట్టారు. ఇది సన్నపొడిని తగ్గించే మాట నిజమే గానీ, పరిమాణాల వ్యత్యాసాన్ని పూర్తిగా చెరిపేయదు.

మొదటిసారి చేసేవారికి ఏ పదార్థం నయం?

క్యూప్రస్ ఆక్సైడ్. రంగు మారుతూ జరుగుతున్నది చెబుతుంది, ఉష్ణోగ్రత 55 డిగ్రీలు చాలు, అధిక పీడనం అక్కరలేదు. బాగా తెలిసిన ఒక పద్ధతిని కొలతలతో చెబుతాను.

కుప్రిక్ క్లోరైడ్ డైహైడ్రేటును 0.17 గ్రాము తూచి 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కరిగిస్తే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. దాన్ని నీటితొట్టెలో 55 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, మాగ్నెటిక్ స్టిర్రర్ తిరుగుతుండగా, 10 మిల్లీలీటర్ల 2 మోలార్ కాస్టిక్ సోడా ద్రావణాన్ని చుక్కచుక్కగా చేర్చాలి. ముందు నీలిరంగు ముద్ద, అరగంటలో ముదురు గోధుమరంగు కనిపిస్తుంది. అప్పుడు 10 మిల్లీలీటర్ల 0.6 మోలార్ ఆస్కార్బిక్ ఆమ్లాన్ని, అంటే సుమారు 1.06 గ్రాముల విటమిన్ సి కరిగిన నీటిని, అదే విధంగా చుక్కచుక్కగా వేయాలి. ముద్ద క్రమంగా ఎర్రబడుతుంది. సుమారు మూడు గంటల తరువాత సెంట్రిఫ్యూజ్ చేసి, స్వేదనజలంతోనూ ఇథనాల్‌తోనూ కడిగి, వేడి తగలకుండా ఆరబెట్టాలి. ఇలా వచ్చేవి ఘనాలు.

ఇదే ప్రయోగంలో, కాస్టిక్ సోడా వేయడానికి ముందే, రాగి ద్రావణంలో 4.44 గ్రాముల పీవీపీ కరిగించి ఉంచితే వచ్చేవి అష్టముఖులు. పీవీపీ తక్కువగా వేస్తే మధ్యరకాలు, అంటే మూలలు తెగిన ఘనాలు వస్తాయి. పీవీపీ 111 ముఖాల మీద ఎక్కువగా అతుక్కుంటుంది, ఉప్పు మీద యూరియా అతుక్కున్నట్టే.

దిగుబడి మీద ఆశలు పెట్టుకోకండి. మొత్తం రాగి క్యూప్రస్ ఆక్సైడ్‌గా మారినా బరువు 0.07 గ్రాముకు మించదు. ఎక్కువ పొడి కావాలని అన్నీ పదిరెట్లు చేసి లీటరు బీకరులో వేస్తే అదే ఆకారం రావడం అరుదు, ఎందుకంటే కలియబెట్టడం, వేడి అందడం, చుక్క కరిగే తీరు అన్నీ మారతాయి. చిన్న బీకరులో పదిసార్లు చేయడం చూడ్డానికి చాదస్తంగా ఉన్నా పని జరిగే మార్గం అదే.

జింక్ ఆక్సైడ్ కడ్డీలు, పలకలు ఎలా వస్తాయి?

జింక్ ఆక్సైడ్ స్ఫటికానికి ఆరు పక్కలున్న స్తంభంలాంటి అమరిక ఉంది. ఆ స్తంభపు పై కొసన జింక్, కింది కొసన ఆక్సిజన్ పొరలు బయటపడి ఉంటాయి. ఈ కొసలు విద్యుదావేశం ఉన్నవి, శక్తి ఎక్కువ, పెరుగుదల వేగం ఎక్కువ. అందువల్ల ఏ అడ్డూ పెట్టకపోతే స్తంభం పొడవుగా సాగి ఆరుపలకల పెన్సిలులా తయారవుతుంది.

జింక్ నైట్రేట్, హెక్సమీన్ రెండూ 0.025 మోలార్ చొప్పున ఉన్న ద్రావణాన్ని మూతపెట్టిన గాజుసీసాలో 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే ఈ కడ్డీలు వస్తాయి. వంద మిల్లీలీటర్లకు జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ సుమారు 0.74 గ్రాము, హెక్సమీన్ 0.35 గ్రాము సరిపోతాయి. ఇక్కడ హెక్సమీన్ పని నిదానంగా విడిపోయి కొద్దికొద్దిగా అమ్మోనియా ఇవ్వడం. క్షారాన్ని ఒకేసారి పోసే బదులు ద్రావణం లోపలి నుంచే అది పుట్టుకొచ్చేలా చేయడం ఈ పద్ధతిలోని తెలివి. దానితోపాటు ఫార్మాల్డిహైడ్ కూడా వస్తుంది కనుక సీసాను గాలి ఆడేచోట తెరవాలి.

అదే ద్రావణంలో కొద్దిగా సోడియం సిట్రేట్ వేస్తే కథ అడ్డం తిరుగుతుంది. సిట్రేట్ అయాన్లు పై కొస మీద అతుక్కొని పొడవు పెరగకుండా ఆపుతాయి. స్తంభం పక్కలకు పెరిగి ఆరుమూలల బిళ్ల అవుతుంది. నిమ్మకాయలోని ఆమ్లపు లవణం చిటికెడు చేరినంత మాత్రాన పెన్సిలు బిళ్లగా మారడం మైక్రోస్కోపులో మొదటిసారి చూసినప్పుడు, ఎన్నేళ్లు పాఠం చెప్పినా, కాస్త ఆశ్చర్యం వేస్తుంది.

టైటానియం డై ఆక్సైడ్‌కు హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడమని వ్యాసాల్లో ఉంది. వాడవచ్చా?

కళాశాల ప్రయోగశాలలో వద్దు. నా జవాబులో మినహాయింపు లేదు.

కారణం తెలిసి వదులుకోవడం మంచిది కనుక శాస్త్రం చెబుతాను. అనటేజ్ రకపు టైటానియం డై ఆక్సైడ్‌లో 101 ముఖాల ఉపరితల శక్తి చదరపు మీటరుకు 0.44 జౌళ్లయితే, 001 ముఖాలది 0.90 జౌళ్లు. అందుచేత సహజంగా పెరిగిన స్ఫటికంలో తొంభై శాతానికి పైగా 101 ముఖాలే ఉంటాయి. ఫ్లోరైడ్ అయాన్లు అతుక్కుంటే ఈ వరుస తలకిందులవుతుంది, 001 ముఖాలే నిలకడైనవవుతాయి. 2008లో ఈ కిటుకుతో, 47 శాతం 001 ముఖాలున్న సూక్ష్మస్ఫటికాలను చేసి చూపించారు. తయారైన తరువాత ఉపరితలం మీది ఫ్లోరైడ్‌ను సుమారు 600 డిగ్రీల దగ్గర వేడిచేసి తొలగించాలి.

అయితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడినప్పుడు వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి రక్తంలోని కాల్షియాన్ని బంధించి ప్రాణం మీదికి తెస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్, తగిన చేతితొడుగులు, పొగగూడు, పక్కనే శిక్షణ పొందిన మనిషి లేకుండా ఆ సీసాను కొనకూడదు. ఆకారం గురించి నేర్చుకోవడానికి రాగి, జింక్ చాలు.

ఆటోక్లేవ్‌ను ఎలా వాడాలి?

స్టీలు గుల్లలో టెఫ్లాన్ గిన్నె పెట్టి మూత బిగించే ఈ పాత్రను ప్రెషర్ కుక్కరుతో పోల్చడం అలవాటు గానీ ఆ పోలిక మనల్ని మోసం చేస్తుంది. కుక్కరులో నీరు సుమారు 120 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనానికి రెట్టింపు దగ్గర ఉంటుంది, పైగా విజిల్ ఉంది. ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీలకు పీడనం సుమారు పది బార్లు, 200 డిగ్రీలకు పదిహేను దాటుతుంది. విజిల్ లేదు. నీరు వేడికి వ్యాకోచిస్తుంది కూడా, కాబట్టి గిన్నెలో మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రత దాటకూడదు. ఓవెన్ ఆపాక దానంతటది పూర్తిగా చల్లబడే వరకూ, అంటే మర్నాటి దాకా, మూత జోలికి పోకూడదు. తొందరపడి కుళాయి కింద పెట్టడం అన్నింటికంటే చెడ్డ అలవాటు.

నిన్న వచ్చిన ఆకారం ఈరోజు ఎందుకు రాలేదు?

నాకే జరిగిన ఒక సంగతి చెబుతాను. క్యూప్రస్ ఆక్సైడ్ ఘనాలు వరుసగా మూడుసార్లు చక్కగా వచ్చాయి. నాలుగోసారి నుంచి పెద్ద ఘనాలు కొన్ని, వాటి చుట్టూ గుర్తుపట్టలేని సన్నపొడి. రసాయనాలు మార్చాను, కొత్త ఆస్కార్బిక్ ఆమ్లం కరిగించాను, థర్మామీటరును అనుమానించాను. రెండు వారాలు అలా పోయాయి. చివరికి ఖాళీ బీకరును కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే, అడుగున, గోడల మీద, లేత ఎరుపు రంగు పొగలాంటి పొర కనిపించింది. సబ్బుతో రుద్ది శుభ్రంగానే ఉందనుకున్న గాజుకు పాత కణాలు అతుక్కొని ఉన్నాయి. కొత్త ద్రావణానికి అవే బీజాలు. పలుచని నత్రికామ్లంతో కడిగి, స్వేదనజలంతో మూడుసార్లు తొలిపి మళ్లీ చేస్తే ఘనాలు తిరిగి వచ్చాయి. అప్పటి నుంచి ప్రతి ప్రయోగానికి ముందు బీకరును, స్టిర్రర్ బిళ్లను కూడా, ఆమ్లంతో కడగడం నియమం చేసుకున్నాను.

తరువాత చూడవలసినవి నీరు, క్షారపు వయసు. బోరునీటిలోని కాల్షియం, బైకార్బొనేట్, క్లోరైడ్ అయాన్లు ముఖాల మీద చేరి ఆకారాన్ని మారుస్తాయి. జింక్ విషయంలో కార్బొనేట్ అవక్షేపం కూడా తోడవుతుంది. మూత లేకుండా ఉంచిన కాస్టిక్ సోడా గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను పీల్చుకుంటుంది, గాఢత తగ్గుతుంది. మే నెలలో గది 40 డిగ్రీల దగ్గర, జనవరిలో 20 దగ్గర ఉండే మన ప్రాంతంలో ‘గది ఉష్ణోగ్రత’ అని నోటుపుస్తకంలో రాయడం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అంకె రాయాలి. చుక్కలు వేసిన వేగం, స్టిర్రర్ తిరిగిన వేగం కూడా రాయాలి.

ఆకారం వచ్చిందని ఎలా నిర్ధారించుకోవాలి?

మామూలు ఆప్టికల్ మైక్రోస్కోపు పావు మైక్రోమీటరుకు దిగువన ఏమీ విడదీసి చూపలేదు. రెండు మూడు మైక్రోమీటర్ల కడ్డీ అయితే కడ్డీ అని తెలుస్తుంది. ముఖాలు, అంచులు కనిపించాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అవసరం. దానికోసం విశాఖపట్నం వెళ్లవలసి వస్తే, ముందు ఆప్టికల్ మైక్రోస్కోపులో చూసి, పనికిరాని నమూనాలను ఇక్కడే వదిలేసి వెళ్లండి. ఇథనాల్‌లో బాగా పలచగా కలిపి ఒక్క చుక్క వేసి ఆరబెట్టిన నమూనా, చెంచాతో అంటించిన పొడికంటే ఎంతో నయం.

ఒక్క అందమైన ఫొటో సాక్ష్యం కాదు. పలాసలో జీడిపప్పును డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడు చేస్తారు. పౌను బరువుకు ఎన్ని గుళ్లు తూగుతాయన్నది ఆ అంకె. అందులో విరగని గుళ్లు, బద్దలు, నూక అన్నింటికీ వేరువేరు లెక్క ఉంటుంది. ఒక గుప్పెడు మంచి గుళ్లు చూపించి బస్తా అమ్మలేరు. మన పొడికీ అదే మర్యాద పాటించాలి. నాలుగైదు చోట్ల తీసిన ఫొటోల్లో కనీసం రెండువందల కణాలు లెక్కపెట్టి, ఎన్ని ఘనాలు, ఎన్ని విరిగినవి, ఎన్ని గుర్తుపట్టలేనివి అన్నది రాయాలి. సగటు పరిమాణంతోపాటు వ్యత్యాసం కూడా ఇవ్వాలి.

ఎక్స్-రే వివర్తన పటం పదార్థం ఏదో చెబుతుంది. రాగి గొట్టపు ఎక్స్-రేలతో క్యూప్రస్ ఆక్సైడ్ 36.4, 42.3 డిగ్రీల వద్ద శిఖరాలు చూపుతుంది. 35.5, 38.7 డిగ్రీల దగ్గర కూడా శిఖరాలుంటే నల్లటి కుప్రిక్ ఆక్సైడ్ కలిసిందన్న మాట. ఇక్కడ విద్యార్థులు ఏటా చేసే తప్పు ఒకటుంది. శిఖరం వెడల్పును షెరర్ సూత్రంలో వేసి 40 నానోమీటర్లు అని తేల్చి, పక్క పేజీలోనే రెండు మైక్రోమీటర్ల కణం ఫొటో అతికిస్తారు. ఆ సూత్రం ఇచ్చేది ఒకే అమరిక ఉన్న స్ఫటిక ఖండపు పరిమాణం. కణం పరిమాణం వేరు. పైగా ఖండం నూరు, రెండువందల నానోమీటర్లు దాటితే శిఖరం వెడల్పుకు యంత్రమే ప్రధాన కారణమవుతుంది, సూత్రం పనికిరాదు.

ఆకారం మారితే గుణం నిజంగా మారుతుందా?

మారుతుంది, కానీ ఏ గుణం, ఎందుకు అన్నది చూడాలి. క్యూప్రస్ ఆక్సైడ్ అష్టముఖి మీది 111 ముఖంలో బంధాలు నిండని రాగి పరమాణువులు బయటికి చూస్తుంటాయి. రుణావేశం ఉన్న మిథైల్ ఆరెంజ్ రంగును అవి పట్టుకొని కాంతిలో విచ్ఛిన్నం చేస్తాయి. 100 ముఖాలే ఉన్న ఘనాలు ఆ పని దాదాపుగా చేయవు. అదే అష్టముఖికి ధనావేశం ఉన్న మిథిలీన్ బ్లూ ఇస్తే ఫలితం పేలవంగా ఉంటుంది. ఘనానికీ అష్టముఖికీ పదార్థం అదే, ముఖం వేరు.

బిస్మత్ వెనడేట్‌లో ఇది ఇంకా స్పష్టం. కాంతి పడినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్లు 010 ముఖాలకు, అవి వదిలిన ఖాళీలైన ధనరంధ్రాలు 110 ముఖాలకు చేరతాయని 2013లో చైనా పరిశోధకులు చూపించారు. ప్లాటినం లవణం క్షయకరణం చెంది లోహంగా ఒక జత ముఖాల మీద మాత్రమే, మాంగనీస్ ఆక్సైడ్ ఇంకో జత మీద మాత్రమే పేరుకోవడం ఫొటోల్లో కనిపిస్తుంది.

ఎండలో మిథిలీన్ బ్లూ రంగు పోయింది. కాంతి ఉత్ప్రేరకం పనిచేసినట్టేనా?

అప్పుడే కాదు. ముందు చీకట్లో అరగంట కలియబెట్టి, రంగు ఎంతమేరకు కేవలం పొడికి అంటుకొని తగ్గిందో కొలవాలి. పొడి లేకుండా రంగునీటిని మాత్రమే ఎండలో పెట్టి, తనంతట తాను ఎంత వెలిసిపోతుందో కొలవాలి. జింక్ ఆక్సైడ్‌కు కావలసిన అతినీలలోహిత కాంతి ఎండలో సుమారు ఐదు శాతమే. ఉదయం పదింటికీ మధ్యాహ్నం రెండింటికీ, మబ్బుకూ నిర్మలాకాశానికీ తేడా ఉంటుంది కనుక పోల్చదలచిన నమూనాలన్నింటినీ పక్కపక్కనే, ఒకే సమయంలో ఎండకు పెట్టాలి. ఘనాన్నీ అష్టముఖినీ పోల్చేటప్పుడు సమాన బరువులకు బదులు సమాన ఉపరితల వైశాల్యాలను తీసుకోవాలి. పీవీపీ పూర్తిగా కడగకపోతే ముఖం కప్పబడే ఉంటుంది, అప్పుడు పోలికకు అర్థం లేదు.

ఈ పొడులతో ఉద్దానం నీటిని శుద్ధి చేయవచ్చా?

ప్రాజెక్టు ప్రతిపాదనల్లో ఈ వాక్యం తరచుగా కనిపిస్తుంది, నేను కొట్టేస్తాను. అక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. నీటి నుంచి దేన్ని తీసేయాలో తెలియకుండా తీసేశామని చెప్పలేం. జింక్ ఆక్సైడ్ ఆమ్లంలోనూ గాఢక్షారంలోనూ కరుగుతుంది, కాంతిలో తానే కొంత క్షీణిస్తుంది. తాగేనీటిలో పొడి మిగిలిపోవడం ఇంకో సమస్య.

మన జిల్లాల ఖనిజాలతో ఈ పని చేయవచ్చా?

ముడిసరుకుగా సంబంధం ఉంది. శ్రీకాకుళం తీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ ఇనుము, టైటానియంల ఆక్సైడ్. శుద్ధమైన ఇల్మనైట్ బరువులో సగానికి కాస్త పైగా టైటానియం డై ఆక్సైడే. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి ప్రాంతపు మాంగనీస్ ఖనిజం తెలిసిందే. అయితే ఇల్మనైట్ నుంచి ఇనుమును వేరుచేయడానికి గాఢ గంధకికామ్లమో, అధిక ఉష్ణోగ్రత వద్ద క్లోరిన్ వాయువో కావాలి. అది కర్మాగారపు పని. మలినాలు ముఖాల మీద చేరి ఆకారాన్ని పాడుచేస్తాయి కనుక, ఆకారం నేర్చుకునేవారు శుద్ధమైన లవణంతోనే మొదలుపెట్టాలి.

తయారైన పొడిని ఎలా దాచాలి, మిగిలిన ద్రావణాన్ని ఏం చేయాలి?

క్యూప్రస్ ఆక్సైడ్ తేమగాలిలో మెల్లగా నల్లబడుతుంది. వానాకాలంలో మన తీరప్రాంతపు గాలికి ఇది త్వరగా జరుగుతుంది. ఇథనాల్‌లో ముంచి, గాలి చొరకుండా మూతపెట్టి, చీకట్లో ఉంచితే నిలుస్తుంది. సీసా మీద తేదీతోపాటు నోటుపుస్తకం పేజీ సంఖ్య కూడా రాయండి. ‘రాగి, కొత్తది’ అని రాసిన సీసాలు నా బీరువాలో ఇప్పటికీ నాలుగున్నాయి, వాటిలో ఏ ఆకారం ఉందో నాకే తెలియదు.

రాగి నీటిలోని చేపలకు, నాచుకు విషం. కాడ్మియం మనిషికే విషం, దాన్ని అసలు మొదలుపెట్టకపోవడం నయం. కడిగిన నీటిని సింకులో పోయకుండా ఒక డబ్బాలో చేర్చండి. రాగి ఉన్న నీటికి కాస్టిక్ సోడా చేర్చి పీహెచ్ తొమ్మిది దగ్గరకు తెస్తే రాగి చాలావరకు అవక్షేపమవుతుంది. సిట్రేట్ కలిసిన నీటిలో మాత్రం అది రాగిని వదలదు కనుక ఆ నీటిని వేరే డబ్బాలో ఉంచాలి. తేరిన ముద్దను ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకువెళ్లేవారికి అప్పగించేవరకూ పేరు రాసిన సీసాలో భద్రపరచాలి.